ముడి లేని పసుపు పట్టీ

నాన్‌జింగ్ నగరంలో నైరుతి మూల అద్దకాల సందులో పోయినవాళ్ళకి బట్టలు కుట్టే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పేరు మియావో సూయూన్. పెళ్ళిబట్టలు కుట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల నలుగురుండేవారు, వాళ్ళ పనికి వంకలు పెట్టేవాళ్ళు నలభైమంది ఉండేవారు. సూయూన్ కుట్టుకి మాత్రం ఎవరూ ఏనాడూ వంక పెట్టలేదు. తొడుక్కున్నవాడు లేచొచ్చి భుజాల దగ్గర పట్టేసిందని చెప్పడు కదా అని ఆమె మొగుడు ఫాంగ్ దెహై ఏడిపిస్తుండేవాడు.

పదహారేళ్ళకి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. మొదటిరోజే అత్తగారు సూది చేతికిచ్చి ఒకే ఒక్క నియమం చెప్పింది. పోయినవాళ్ళ బట్టకి దారం చివర ముడి వెయ్యకూడదు. ముడి పడితే ఆ మనిషి మనసులో ఉన్న కక్షా బాధా వదులుకోలేక ఇక్కడిక్కడే తిరుగుతాడు, అవతలికి దాటడు. సూయూన్ మొదట్లో మరిచిపోయి ముడి వేసేది, అత్తగారు వెదురుబద్దతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆ వేళ్ళకి ముడి వెయ్యడమనేదే గుర్తు లేకుండా పోయింది. చివరికి మొగుడి కోటుకి బొత్తాం కుట్టినా ముడి ఉండేది కాదు. దెహై టీకొట్లో కూర్చుని చెయ్యెత్తితే బొత్తాం రాలి ఎవరి కప్పులోనో పడేది.

"మా ఆవిడ కుట్టింది లెండి. నేనింకా బతికే ఉన్నానని దానికి గుర్తుండదు" అనేవాడు అతను. ఇంటికొచ్చాక ఆ బొత్తాం తనే కుట్టుకుని, దారాన్ని పంటితో లాగి ముడి వేసుకునేవాడు. ఇంట్లోవాళ్ళకి ఆమె కుట్టిన ప్రతిదానికీ ముడి వెయ్యడం ఇరవయ్యేళ్ళుగా అతని పనే అయిపోయింది.

దెహై జరీ నేతగాడు. ఇద్దరు మనుషులు కూర్చుంటే గానీ కదలని పెద్ద మగ్గం ఉండేది వాళ్ళకి. పైన కూర్చుని దారాలు లాగి పువ్వు తేల్చేది కొడుకు యిన్, కింద నేసేది తండ్రి. యిన్ బడికి కూడా వెళ్ళేవాడు. దేశానికి పండగొచ్చిన రోజు నిచ్చెనేసుకుని గుమ్మం మీద జెండా కట్టేవాడు. ఎర్రటి గుడ్డ, మూలన నీలం, ఆ నీలంలో పన్నెండు కోణాల తెల్ల సూర్యుడు. నిచ్చెన కింద నిలబడి సూయూన్ "పడతావురా, పడతావురా" అని అరుస్తూ ఉండేది.

పంతొమ్మిదివందల ముప్ఫై ఏడో సంవత్సరం చలికాలంలో జపాను సైన్యం ఊళ్ళోకొచ్చింది. మగ్గం కాలిపోయింది. యిన్‌ని ఇంకా చాలామంది కుర్రాళ్ళతో కలిపి నది ఒడ్డుకి నడిపించుకుపోయారు. పంతొమ్మిదేళ్ళవాడు. శవం దొరకలేదు. ఆ శీతాకాలం ఊరంతటికీ బట్టలు కుట్టిన తల్లి, కన్నకొడుక్కి ఒక్క చొక్కా కుట్టుకోలేకపోయింది. అంతకంటే చెప్పడానికి నాకు నోరు రాదు.

ఆ తరవాత దెహై కాలిన ఇంటి ముందు భాగంలో పొయ్యి కట్టి వేడినీళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. ఎవరి ఇంట్లోనూ పొయ్యి వెలిగించుకునేంత కట్టెల్లేవు కాబట్టి సందంతా కూజాలు పట్టుకుని వచ్చేది. నీళ్ళు పోస్తూ మళ్ళీ కొద్దికొద్దిగా హాస్యాలాడడం నేర్చుకున్నాడు. సూయూన్‌కి లోకంలో మిగిలింది ఆ ఒక్క మనిషే.

నలభయ్యో సంవత్సరం మార్చి నెలలో నాన్‌జింగ్‌కి కొత్త ప్రభుత్వం వస్తోందన్నారు. మనవాళ్ళదే, కాకపోతే జపానువాళ్ళ నీడలో నడిచేది. వీధి పెద్ద షీ రెండు మూటలు మోసుకొచ్చి సూయూన్ బల్ల మీద పడేశాడు. ఒక మూటలో జెండాలు.  అదే ఎరుపు, అదే నీలం, అదే తెల్ల సూర్యుడు.

"ఇదేంటి బాబూ, ఇది పాత జెండానే కదా? దీన్ని దాచుకున్నారనే కదా ఆ చలికాలం మనుషుల్ని కాల్చేసింది!"

"మెల్లగా మాట్లాడు ఫాంగ్ వదినా. మేమే అసలైన ప్రభుత్వం, కాబట్టి జెండా మాదే అంటున్నారు కొత్తవాళ్ళు. చుంగ్‌కింగ్‌లో కూర్చుని జపానుతో యుద్ధం చేస్తున్న పాత ప్రభుత్వానిదీ ఇదే జెండా. మరి జపాను సిపాయికి తేడా తెలియాలిగా? అందుకే ఇది" అంటూ షీ రెండో మూట విప్పాడు. నిండా పసుపు పట్టీలు, జానెడు వెడల్పు, కొస మొనదేలి, మీద నల్లసిరాతో ఆరు చైనా అక్షరాలు: శాంతి, కమ్యూనిస్టుల అణచివేత, దేశ నిర్మాణం. "ఈ పసుపు గుడ్డుంటే మిత్రుడు, లేకపోతే శత్రువు. ముప్ఫై ఒక్క ఇళ్ళు. ఎల్లుండికి అయిపోవాలి."

"చచ్చినోళ్ళకి కుట్టేదాన్ని. నాకెందుకయ్యా ఇది?"

"బతికినోళ్ళకి కుట్టేవాళ్ళు ఎవరు మిగిలారు చెప్పు? పట్టీని వేరే తాడుతో జెండా పైన కట్టాలట. బావి చేదకే తాడు లేదు మనకి. జెండా అంచుకే నాలుగు కుట్లేసెయ్యి."

కూర్చుని కుట్టింది. మూడో పట్టీ అయ్యాక దారం తెంపుతూ చూసుకుంది. ముడి లేదు. మొదటి రెండింటికీ లేదు. చేతి అలవాటు చేతిది. విప్పి మళ్ళీ కుట్టాలని ఆమెకి తెలుసు. కనీసం దెహైని కేకేస్తే చాలు, వచ్చి పంటితో లాగి ముప్ఫై ఒక్కటికీ ముడులేసి పోతాడు.

కేకెయ్యలేదు. ఒళ్ళో పరుచుకున్న జెండా వంక చూస్తూ కూర్చుంది. పసుపు గుడ్డ కింద ఉన్నది తన కొడుకు నిచ్చెనెక్కి కట్టిన జెండా. ఊడిపోతే పోనీ ఈ దరిద్రపు గుడ్డ, అనుకుంది. మిగిలినవన్నీ అలాగే కుట్టింది. ఆ చలికాలం తరవాత ఆమె ఇష్టపడి చేసిన పని అదొక్కటే. దాని వెనకే ఏమొస్తుందో ఆలోచించలేదు.

రెండు వారాలు పట్టీలన్నీ నిలిచాయి, గాలి లేదు కాబట్టి. ఏప్రిల్ నడిమధ్యలో, సమాధులు ఊడ్చే పండగ వెళ్ళిన పదో రోజున, పొద్దున్నే ఉత్తరపు గాలి లేచింది. దెహై పొయ్యి దగ్గర త్సావ్ లియెన్ కూజాలో నీళ్ళు పోస్తున్నాడు. ఆమె పక్కింటి కోడలు, నోరు మంచిదే గానీ ఆగదు.

"సగమే పోశావేంటి బావా? నిండుగా పొయ్యి."

"నిండుగానే పోశాను తల్లీ. నువ్వు మాట్లాడుతుంటే ఆవిరైపోయింది."

గుమ్మంలో కూరాకు ఏరుతున్న సూయూన్ నవ్వింది. అప్పుడే వాళ్ళ నెత్తి మీద జెండా ఫట్మని కొట్టుకుంది. పసుపు పట్టీ దారంలోంచి మెత్తగా జారి, గాలికి రెండు పల్టీలు కొట్టి, సందు మధ్యలో పడింది. సందు మొదట్లోంచి ముగ్గురు జపాను సిపాయిలు వస్తున్నారు.

వాళ్ళకి కనిపించింది పాత జెండా ఒక్కటే. రెండున్నరేళ్ళ కిందట దేన్ని చూసి కాల్చారో అది. ఒకడు జెండాని కర్రతో సహా విరిచి కింద పడేసి తొక్కాడు. ఇంకొకడు దెహై మెడ పట్టుకుని పొయ్యి మీదికి వంచాడు.  దెహై వంచిన తలతోనే కింద పడ్డ పట్టీని చూశాడు. దాని అంచు నుంచి వేలాడుతున్న దారాన్ని, ముడి లేని ఆ కొసని చూశాడు. అతనికి అర్థమైపోయింది. భార్య వైపు తిరిగి "లోపలికి పో. నోరెత్తకు" అన్నాడు. అంతే, లాక్కుపోయారు.

ఆమె లోపలికి వెళ్ళలేదు. కింద పడ్డ పట్టీ ఏరుకుని వచ్చి త్సావ్ లియెన్ రెండు చేతులూ పట్టుకుంది.

"చెల్లెమ్మా, నా కుట్టే ఊడింది. ముప్ఫై ఒక్కటికీ నేను ముడెయ్యలేదు. నేనెళ్ళి వాళ్ళకదే చెప్తాను. వచ్చి చూసుకోమంటాను. ప్రతి ఇంటి పట్టీ లాగితే వచ్చేస్తుంది, అప్పుడు నమ్ముతారు. అందాకా ఎవర్నీ జెండాల జోలికి పోనివ్వకు. నా మొగుడి ప్రాణం వాటి మీదే ఉంది. అర్థమైందా?"

"అర్థమైందక్కా, అర్థమైంది. నువ్వెళ్ళు" అంది లియెన్ ఏడుస్తూ.

పడమటి నీటిగేటు దగ్గర పాత ధాన్యం కొట్టులో ఉంది సిపాయిల ఠాణా. గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంటే మధ్యాహ్నానికి గానీ దుబాసీ బయటికి రాలేదు. ఈశాన్యం నుంచి వచ్చిన మనిషి, మన భాషే మాట్లాడతాడు, మాట మాత్రం రాయిలా ఉంటుంది.

"పట్టీ ఊడడం నా తప్పు దొరా. నేను శవాలకి కుట్టేదాన్ని. మా పనిలో ముడెయ్యకూడదు. చెయ్యి అలవాటుపడిపోయింది. మా ఆయనకేం తెలీదు" అంది సూయూన్.

"నీ మొగుడు చేతులతో పీకేశానని ఒప్పుకున్నాడు."

 ఆమె నుదురు నేలకేసి కొట్టుకుంది.

"అబద్ధం దొరా! నన్ను కాయడానికి అబద్ధం చెప్తున్నాడు. ఇదుగో ఆ పట్టీ, దారం చూడండి, తెగలేదు, జారింది. సందులో ఇంకా ముప్ఫై ఇళ్ళున్నాయి. ఏ ఇంటికైనా వచ్చి లాగి చూడండి. ఒక్కటి ఊడకపోయినా నా మెడ కొయ్యండి."

దుబాసీ లోపలికి పోయి మాట్లాడి వచ్చాడు. వెనకే ఒక అధికారి, నలుగురు సిపాయిలు, వాళ్ళ మధ్య దెహై. ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో ఆమెను చూసి, ఎందుకొచ్చావన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సూయూన్ మాత్రం దాదాపు పరిగెడుతూ ముందు నడిచింది. దారిలో ఒక్కో ఇంటి పట్టీ గుర్తు చేసుకుంది. అన్నీ ఊడతాయి. ఆమె చేతి పని ఆమెకి తెలుసు. తనని ఏంచేసినా సరే, అతను సాయంత్రానికి పొయ్యి దగ్గర ఉంటే చాలు.

సందు నిశ్శబ్దంగా ఉంది. తలుపులన్నీ వేసి ఉన్నాయి. మొదటి ఇల్లు వీధి పెద్ద షీది. సిపాయి తుపాకి మొనకున్న కత్తితో పసుపు పట్టీని పట్టి లాగాడు. రాలేదు. చేత్తో పట్టి లాగాడు. జెండా మొత్తం కిందికి వంగింది గానీ పట్టీ రాలేదు.

రెండో ఇల్లు. రాలేదు. మూడో ఇల్లు త్సావ్ వాళ్ళది. సూయూన్ తనే ఎగిరి పట్టీ అందుకుని రెండు చేతులతో గుంజింది. వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. ముడి. కందిగింజంత లావు, మొరటుగా, ఒకదాని మీద ఒకటి మూడు ముడులు.

జరిగింది ఇది. ఆమె అటు వెళ్ళగానే లియెన్ షీ దగ్గరికి పరిగెత్తి అంతా చెప్పింది, సాయం చేస్తాడనే చెప్పింది. షీ పాలిపోయాడు. ముప్ఫై ఇళ్ళ పట్టీలూ లాగగానే ఊడిపోతే సందంతా కలిసి చేసిన కుట్ర అనరా, ఒక్క మనిషి కోసం సందు తగలబడాలా అన్నాడు. నిచ్చెన తనే మోశాడు. ఇంటింటి ఆడవాళ్ళూ సూదులు తెచ్చి పట్టీలు మళ్ళీ కుట్టారు. గంటలో ముప్ఫై ముడులు పడ్డాయి. షీ అన్నది తప్పని నేను చెప్పలేను. ఆ ఊళ్ళో ఆ చలికాలం చూసినవాళ్ళెవరూ చెప్పలేరు. అయినా ఆ నిచ్చెనని నేను క్షమించలేను.

"ఇవి ఇప్పుడేశారు!" అని అరిచింది సూయూన్. "దొరా, ఇది నా కుట్టు కాదు, చూడండి, ఇలాంటి ముడి నాకు వెయ్యడమే రాదు! లియెన్! బయటికి రా! చెప్పవే తల్లీ, ఒక్క మాట చెప్పు!"

త్సావ్ వాళ్ళ తలుపు వెనక ఎవరో ఏడుస్తున్నారు. తలుపు తెరుచుకోలేదు.

"సూదీ దారం ఇవ్వండి. మీ ముందే కుడతాను, నా చెయ్యి చూడండి" అంది. దుబాసీకి విసుగొచ్చినా అధికారికి సరదా పుట్టింది, తలూపాడు. ఒక సిపాయి తీసిచ్చిన సూదీ దారం పట్టుకుని, ఊడిన పట్టీని తన పైచొక్కా అంచుకే కుట్టడం మొదలుపెట్టింది. నాలుగు కుట్లు. దారం తెంపింది. ముడి పడలేదు. లాగి చూపించింది, పట్టీ జారిపోయింది.

"చూశారా! చూశారా!"

అధికారి ఏదో అని నవ్వాడు. దుబాసీ ఆ మాట చప్పగా అప్పజెప్పాడు: "మొగుణ్ణి కాపాడుకోవాలనుకునే ఏ ఆడదైనా ఇప్పుడు ముడి వెయ్యదు అంటున్నారు."

"వదిలెయ్యవే" అన్నాడు దెహై. అంత గొంతు లేదు, అయినా వినబడింది. "నేనే పీకానని చెప్పాగా. పొయ్యి మీద నీళ్ళు మరుగుతుంటాయి, వెళ్ళి చూసుకో."

అతణ్ణి మళ్ళీ తీసుకెళ్ళారు. ఆమె వెనకే పరిగెత్తితే తుపాకి మడమతో గుండెల మీద కొట్టి పడేశారు.

మూడో రోజు పొద్దున శవాన్ని నీటిగేటు పక్క కాలువ గట్టున పడేసి, వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఈసారి శవం దొరికింది, అదే ఆమెకి దక్కిన భాగ్యం. ఇంటికి తెచ్చి కడిగి, బల్ల ముందు కూర్చుంది. కాలిన మగ్గం దగ్గర మిగిలిన ఒక ముదురు నీలం పట్టుముక్క ఉంది, అతను నేసిందే. దానితో కుట్టడం మొదలుపెట్టింది. త్సావ్ లియెన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. సూయూన్ లోపలికి రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. కాసేపటికి లియెన్ తనంతట తనే వచ్చి సూదిలో దారం ఎక్కించి ఇవ్వసాగింది.

భుజం కుట్టు అయిపోయింది. సూయూన్ దారాన్ని చుట్టి, పంటితో పట్టుకుని లాగింది. లియెన్ చేతిలో సూది ఆగిపోయింది.

"అక్కా... ముడి పడింది."

"వేశాను."

"పోయినోళ్ళకి వెయ్యకూడదు కదక్కా! బావ దాటి పోలేడు."

"పోవద్దు" అంది సూయూన్. "మర్చిపోవద్దు. ఎవరు కొట్టారో, ఎవరు తలుపు తియ్యలేదో, ఎవరు ముడెయ్యకుండా కుట్టారో, ఒక్కటీ వదలొద్దు. నేనూ వదలను." ప్రతి కుట్టు చివరా ముడి వేసింది. ఇరవయ్యారేళ్ళుగా రాని ముడి ఆ రోజు చక్కగా వచ్చింది, అతను వేసినట్టే. అది చూసి అప్పుడు ఏడ్చింది.

తరవాత పొయ్యి ఆమే నడిపింది. ఎవరితో మాట్లాడేది కాదు. శవాల బట్టలు కుట్టడం మానేసింది. వేళ్ళు ఇప్పుడు ముడులు వేస్తున్నాయని, ఆ పాపం తనకొద్దని చెప్పేది.

నలభై మూడో సంవత్సరం ఫిబ్రవరిలో షీ మళ్ళీ వచ్చాడు. ఈసారి పొయ్యి దగ్గరే ఆగిపోయాడు, చేతులు నలుపుకుంటూ.

"ఫాంగ్ వదినా, పైనుంచి ఆర్డరొచ్చింది. పసుపు పట్టీలు తీసెయ్యమన్నారు. ఇకనుంచి ఉత్త జెండాయే."

ఆమె గరిటె పట్టుకుని అలాగే చూసింది. "జపానువాళ్ళు ఒప్పుకున్నారా?"

"వాళ్ళే ఒప్పుకున్నారట."

"ఉత్త జెండా" అంది ఆమె. "ఆ రోజు మా గుమ్మం మీద ఉన్నదే కదా, షీ? అదేగా?"

 ముడులు గట్టిగా పడ్డాయనీ, ఎవరికీ ఊడి రావట్లేదనీ, జెండా చిరిగితే గొడవవుతుందనీ నేలచూపులు చూస్తూ గొణిగాడు షీ. సూయూన్ కత్తెర తీసుకుని నిచ్చెన ఎక్కింది. ముప్ఫై ఇళ్ళు తిరిగింది. ముడి పట్టీకే ఉండిపోయేలా, జెండా వైపు దారం మాత్రం కత్తిరించింది. ఏ ముడి ఎవరిదో ఆమెకి ఇట్టే తెలిసిపోతోంది. గుడ్డకి కరువు రోజులు, చెప్పుల అడుగులకి పనికొస్తుంది ఆ గుడ్డ. అయినా ఎవరూ అడగలేదు. ఒక్కో ఇంటివాళ్ళూ పట్టీ ఆమె బుట్టలోనే వేసి తలుపేసుకున్నారు.

ఏప్రిల్‌లో సమాధులు ఊడ్చే పండగ వచ్చింది. అందరూ పోయినవాళ్ళకి కాయితాల డబ్బూ కాయితాల బట్టలూ కాలుస్తున్నారు, అవతల వాళ్ళకి అందుతాయని. సూయూన్ బుట్ట పట్టుకుని నగర గోడ బయట దెహై మట్టిదిబ్బ దగ్గరికి వెళ్ళింది. లియెన్ వద్దన్నా వెంట వచ్చింది. సూయూన్ గడ్డి పీకి, నిప్పు చేసి, మొదటి పట్టీ అందులో పెట్టింది. ముందు సిరా అక్షరాలు నల్లగా మెరిశాయి, తరవాత గుడ్డ ముడుచుకుపోయింది.

"ఏమయ్యా, ముప్ఫై తెచ్చాను. ఇక్కడిక్కడే తిరుగుతున్నావుగా, ఎవడైనా సిపాయి ఆపి అడిగితే ఒకటి తీసి చూపించు. అది లాక్కుంటే ఇంకోటి చూపించు. యిన్ కనబడితే వాడికీ సగమియ్యి" అంది. లియెన్ వెక్కివెక్కి ఏడుస్తోంది. సూయూన్ ఆమె వైపు చూడకుండానే చెయ్యి చాపింది, లియెన్ తర్వాతి పట్టీ అందించింది.

"భయపడకు. ఇవి నేను కుట్టినవి కావు. అన్నీ ముడులేసినవే, ఊడవు."

ముప్ఫై పట్టీలూ కాలడానికి ఎక్కువసేపు పట్టలేదు.